బందీకి మిగిలిన హక్కు

ఒక మనిషికి న్యాయస్థానము ఆరు మాసముల కారాగార శిక్ష విధించినప్పుడు అతని నుండి చట్టము తీసికొనునది ఏమి? తన ఇష్టము వచ్చిన చోటికి పోవు స్వేచ్ఛ. అతని ఎముక, అతని చర్మము, అతని కన్ను ఆ శిక్షలో చేరినవి కావు. విచారణ ముగియకుండ నిర్బంధములో నున్నవాని విషయమున ఈ మాట మరింత నిజము. ఏలన అతడు దోషియని ఇంకను ఎవరును తేల్చలేదు. వినుటకు ఇది సులభమైన సూత్రమే. కాని మన న్యాయస్థానముల నోట ఇది స్పష్టముగా వెలువడుటకు నూరు సంవత్సరములకు పైగా పట్టెను. ఆ కథలో మన కృష్ణా డెల్టాకును, మొత్తము తెలుగు నేలకును చెప్పుకొనదగిన పాలు కలదు. దానిని సంగ్రహముగా పాఠకులకు మనవి చేయుట మా సంకల్పము.

కథను కుంఫిణీ పాలనతో ఆరంభింపవలెను. పంతొమ్మిదవ శతాబ్ది నడుమ మచిలీపట్నము మద్రాసు రాజధానిలోని ఒక జిల్లాకు ముఖ్యపట్టణము. కృష్ణా జిల్లా యను పేరు అప్పటికి లేదు. మచిలీపట్నము, గుంటూరు జిల్లాలను 1859లో కలిపి ఆ పేరు పెట్టిరి. ఆ కాలమున తాలూకాలో శిస్తు వసూలు చేయు తహసీలుదారే పోలీసు అధికారి కూడ. బాకీపడిన రైతును పట్టితెచ్చు బంట్రోతులే దొంగతనము మోపబడిన కూలివానిని కూడ పట్టితెచ్చెడివారు. రెండు పనులకు ఒకే చేయి, ఆ చేతికి ఒకే అలవాటు.

ఈ అలవాటు ఎట్టిదో 1854లో ఇంగ్లండు పార్లమెంటు సభలో ప్రస్తావనకు వచ్చెను. దాని ఫలితముగా ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను ముగ్గురు సభ్యులతో ఒక విచారణ సంఘము మద్రాసులో ఏర్పడెను. రైళ్లు లేని ఆ దినములలో జనులు నడచియు, ఉత్తరములు వ్రాసియు తమ బాధలు విన్నవించుకొనిరి. ఫిర్యాదుల సంఖ్య రెండువేలకు చేరువ కాగా, 1855లో నివేదిక వెలువడెను. మనిషిని వంచి మెడ మీదుగా, కాలివ్రేళ్ల క్రిందుగా త్రాడు బిగించి ఎండలో నిలబెట్టుట, రెండు కర్రల నడుమ వ్రేళ్లుంచి నొక్కు 'కిట్టి' పెట్టుట మున్నగునవి అందు వర్ణింపబడినవి. శిస్తు వసూలులోను, నేరము ఒప్పించుటలోను హింస వాడుకలో నున్నదని సంఘము నిస్సంకోచముగా తేల్చెను.

నివేదిక వృథా పోలేదు. 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చి, పోలీసును శిస్తు శాఖ నుండి వేరు చేసెను. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 330వ సెక్షను చేరెను. నేరము ఒప్పించుటకో, సమాచారము రాబట్టుటకో, బాకీ వసూలు చేయుటకో ఒకనిని గాయపరచినచో ఏడు సంవత్సరముల వరకు శిక్ష. గాయము తీవ్రమైనదైనచో తరువాతి సెక్షను క్రింద పది సంవత్సరముల వరకు శిక్ష. ఆ సెక్షనుకు ఇచ్చిన ఉదాహరణములలో ఒకటి పోలీసు అధికారిని గూర్చినది, మరియొకటి శిస్తు బాకీ కొరకు హింసించు రెవెన్యూ అధికారిని గూర్చినది. ఆనాటి తహసీలు కచేరీ ఈ విధముగా చట్టపుటలలో నిలిచిపోయెను. 1872 నాటి సాక్ష్య చట్టము మరియొక అడుగు వేసి, పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారము ముద్దాయికి వ్యతిరేకముగా రుజువు కానేరదని శాసించెను. కొట్టి చెప్పించిన మాట కోర్టులో చెల్లనప్పుడు కొట్టుటకు కారణము తగ్గునని వారి యూహ.

జైళ్ల విషయమున 1894 నాటి కారాగార చట్టము ముఖ్యమైనది. ఆ చట్టమే కొరడా దెబ్బలను జైలు శిక్షలలో ఒకటిగా అనుమతించెను. కాని అందే ఒక చిన్న నియమము కలదు. ఖైదీ జైలులో ప్రవేశించిన వెంటనే వీలైనంత త్వరగా అతనిని వైద్యాధికారి పర్యవేక్షణలో పరీక్షింపవలెను. అతని ఆరోగ్యస్థితిని, ఒంటిపై నున్న గాయములను, గుర్తులను ఒక పుస్తకమున వ్రాయవలెను. దెబ్బ జైలుకు రాకముందు తగిలినదా, వచ్చిన తరువాత తగిలినదా అను ప్రశ్న పుట్టినప్పుడు ఆ పుస్తకములోని ఒక్క పంక్తి నూరు సాక్ష్యముల పెట్టు.

చట్టము ఇట్లుండగా ఆచరణ ఎట్లుండెను? 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకై రాజద్రోహ నేరముపై శిక్షపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వేలూరు జైలులో సామాన్య నేరస్థులతో సమానముగా కఠిన శిక్ష ననుభవించిరి. 1930లో, ఉప్పు సత్యాగ్రహపు దినములలో, మచిలీపట్నము కోనేరు కూడలిలో తోట నరసయ్యనాయుడుగారు జాతీయ పతాకమును ఎగురవేయబోగా పోలీసులు లాఠీలతో స్పృహ తప్పువరకు కొట్టిరి. జెండాను ఆయన వదలలేదన్న మాట బందరువాసులు నేటికిని చెప్పుకొందురు. ఇందు ఒక న్యాయ విషయము గమనింపదగినది. జెండా వదలుమని కొట్టిన దెబ్బ నేరము ఒప్పించుటకు కొట్టినది కాదు. కనుక 330వ సెక్షను దానికి అందదు. ప్రభుత్వముపై నష్టపరిహారపు దావా వేయుదమన్నచో, రాజ్యాధికారముతో చేసిన పనికి ప్రభుత్వము బాధ్యత వహింపదను సిద్ధాంతము 1861 నాటి ఒక కలకత్తా తీర్పు నుండి అడ్డుగోడగా నిలిచియుండెను. కొట్టిన వ్యక్తిని దండించు మార్గము కొంత కలదు. కొట్టించిన ప్రభుత్వము చేత బదులు చెప్పించు మార్గము లేదు.

స్వరాజ్యము వచ్చిన వెంటనే ఆ గోడ కూలలేదు. 1949లో, కమ్యూనిస్టుల కొరకు గాలింపులు జరుగుచున్న కాలమున, గుడివాడకు చేరువలోని యలమర్రు, కాటూరు గ్రామములలో మలబారు స్పెషలు పోలీసులు గ్రామస్థులను పట్టి, వివస్త్రులను చేసి, గాంధీ విగ్రహము చుట్టు త్రిప్పిరి. వారిలో ఎవరు ఏ పక్షమువారను ప్రశ్న ఇచట అప్రస్తుతము. నేరము చేసినవారుండినచో కోర్టు ఉండనే యున్నది. నిర్బంధములోని మనిషిని అవమానించుటకు ఏ కోర్టును ఎన్నడును ఉత్తరువు చేయలేదు. ఇది జరిగిన కొలది మాసములకే, 1950 జనవరి 26న, మన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. చట్టము నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవ్వని ప్రాణమును గాని, వ్యక్తిస్వేచ్ఛను గాని హరింపరాదని దాని 21వ అధికరణము చెప్పుచున్నది. నిర్బంధింపబడిన వానిని ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరుపవలెనని 22వ అధికరణము చెప్పుచున్నది.

అక్షరములు వచ్చినవి, వానికి ప్రాణము పోయుట మిగిలెను. 1964లో సుప్రీంకోర్టు కస్తూరీలాల్ కేసులో తీర్పు చెప్పెను. మీరటులో పోలీసులు ఒక వర్తకుని వద్ద స్వాధీనపరచుకొన్న బంగారమును ఒక హెడ్ కానిస్టేబులు అపహరించి పరారయ్యెను. పోలీసుల అజాగ్రత్త రుజువైనను, అది రాజ్యాధికార నిర్వహణలో జరిగినది గనుక ప్రభుత్వము ఇచ్చుకొనవలసినది లేదని తీర్పు. పోలీసు కాపలాలో బంగారము పోయినప్పుడే ఇట్లయినచో, కాపలాలో ప్రాణమే పోయినచో గతియేమి?

ఈ ప్రశ్నకు సమాధానము తెలుగు నేలపై నుండియే వచ్చెను. అందు మొదటి మెట్టు 1974 నాటిది. విశాఖపట్నము కేంద్ర కారాగారములో నున్న నక్సలైటు ఖైదీలు, జైలు గోడపై అమర్చిన విద్యుత్తు తీగ తమ ప్రాణమునకు ముప్పు అని సుప్రీంకోర్టుకు పోయిరి. భువన్ మోహన్ పట్నాయక్ కేసు అని దానికి పేరు. ఖైదీకి పారిపోవు హక్కు లేదనియు, పారిపోవ యత్నింపనివానికి ఆ తీగ తగులదనియు కోర్టు వారి అర్జీని త్రోసివేసెను. కాని అదే తీర్పులో, శిక్షపడినంత మాత్రమున మనిషి ప్రాథమిక హక్కులన్నింటిని కోలుపోడని స్పష్టముగా పలికెను. అర్జీదారులు ఓడిరి, వారు తెచ్చిన సూత్రము గెలిచెను. తరువాతి కాలమున తీహారు జైలు ఖైదీల కేసులలో వచ్చిన ప్రసిద్ధ తీర్పులకు ఈ మాట పునాదులలో ఒకటయ్యెను.

రెండవ మెట్టు కర్నూలు జిల్లాలోని కోయిలకుంట్ల సబ్ జైలు. 1977 ఏప్రిలులో ఒక క్రిమినలు కేసులో తండ్రియు కుమారుడును రిమాండులో అచటి ఏడవ నంబరు గదిలో నుండిరి. మే 5వ తేదీ గడచి 6వ తేదీ తెల్లవారక ముందు, రమారమి మూడున్నర గంటలకు, కొందరు జైలు ఆవరణలో చొరబడి ఆ గదిలోనికి బాంబులు విసరిరి. తండ్రి తీవ్రముగా గాయపడి కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రిలో మరణించెను. కుమారుడు గాయములతో బయటపడెను. తల్లియు కుమారులును కలిసి ప్రభుత్వముపై పది లక్షల రూపాయలకు దావా వేసిరి. ప్రాణభయము కలదని ముందే చెప్పుకొన్నను తగిన కాపలా ఏర్పరుపలేదని వారి వాదము. గడువు దాటినదని ఒక అభ్యంతరము, రాజ్యాధికారపు రక్షణ యను పాత గోడ మరియొక అభ్యంతరము. క్రింది కోర్టు దావాను కొట్టివేసెను.

1989లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ తీర్పును మార్చి, 1,44,000 రూపాయల పరిహారమును వడ్డీతో సహా ఇప్పించెను. ప్రాణమునకు రాజ్యాంగమే హామీ యిచ్చియుండగా, కుంఫిణీనాటి రక్షణ సిద్ధాంతము ఆ హామీకి అడ్డురాజాలదని హైకోర్టు తర్కము. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోగా, 2000 సంవత్సరము ఏప్రిలులో ఆ కోర్టు హైకోర్టు తీర్పునే స్థిరపరచెను. చల్లా రామకృష్ణారెడ్డి కేసు అని న్యాయవాదులు నేటికిని దీనిని ఉదాహరింతురు. బాంబులు వేసినది పోలీసులు కారు. అయినను తాళము వేసి మనిషిని ఒకచోట ఉంచినవాడు, అతడు పారిపోయి తన్ను తాను కాపాడుకొను మార్గమును కూడ మూసివేసినవాడే. కావున రక్షించు బాధ్యత తాళము చేతనున్న వానిదే యగును. ఆ తీర్పులోని సారమిదియే అని మేము తలంచుచున్నాము. సొమ్ము చేతికి రావలెనని తుది మాట వినబడుటకు ఇరువదిమూడు సంవత్సరములు పట్టెనన్నది కూడ మరువరానిది.

ఈ నడుమ దేశమున మరికొన్ని తీర్పులు వచ్చినవి. 1993లో, ఒడిశాలో పోలీసు నిర్బంధమున కుమారుని కోల్పోయిన నీలబతి బెహరా అను తల్లి వ్రాసిన ఉత్తరమునే అర్జీగా స్వీకరించి, సుప్రీంకోర్టు లక్షా ఏబదివేల రూపాయలు ఇప్పించెను. రాజ్యాంగపు హక్కు భంగమైనచోట పాత రక్షణ సిద్ధాంతము చెల్లదని అందు చెప్పెను. 1996 డిసెంబరులో డి. కె. బసు కేసులో అరెస్టు నియమములను పదునొకండింటిని విధించెను. అరెస్టు పత్రమునకు కుటుంబ సభ్యుడో, స్థానిక పెద్దమనిషియో సాక్షి సంతకము చేయవలెను. అరెస్టు సంగతి బంధువులకు తెలుపవలెను. కోరినచో ఒంటిపై గాయములను అప్పుడే పరీక్షించి వ్రాయవలెను. నిర్బంధములో ప్రతి నలుబదియెనిమిది గంటలకు వైద్య పరీక్ష జరుగవలెను. నిర్బంధములో ఎవరైన మరణించినచో ఇరువదినాలుగు గంటలలో తమకు తెలుపవలెనని జాతీయ మానవ హక్కుల సంఘము 1993లోనే ఆదేశించెను. పోలీసు నిర్బంధపు మరణములపై న్యాయ మేజిస్ట్రేటు విచారణ జరుగవలెనని 2005 నాటి సవరణ చెప్పెను. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినను, పాత 330, 331 సెక్షనుల సారము దాని 120వ సెక్షనులో నిలిచియున్నది.

అయినను ఒక లోటు మిగిలియున్నది. నాలుగు గోడల నడుమ తగిలిన దెబ్బకు సాక్షి ఎవరు? కొట్టినవాడును, దెబ్బతిన్నవాడును తప్ప మూడవవాడుండడు. పోలీసు నిర్బంధములో గాయము కలిగినచో అది ఆ నిర్బంధములో నుంచిన అధికారి వలననే కలిగినదని కోర్టు భావింపవచ్చునను నియమమును సాక్ష్య చట్టమున చేర్చవలెనని లా కమిషను 1985లో సిఫారసు చేసెను. అది చట్టము కాలేదు. చిత్రహింసల నిరోధమునకై ఐక్యరాజ్య సమితి చేసిన ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసెను గాని, దానిని నేటికిని ధ్రువీకరింపలేదు.

కావున గృహస్థులు తెలిసికొనదగిన మాటలు కొన్ని. మన కుటుంబములో గాని, మన వీధిలో గాని ఒకరిని పట్టుకొనిపోయినచో, మొదటి దినమే ముఖ్యము. మేజిస్ట్రేటు ఎదుట నిలిచినప్పుడు "నిన్ను కొట్టిరా?" అను ప్రశ్నకు భయపడక బదులు చెప్పవలెను; అడుగకున్నను చెప్పవలెను. వైద్యుడు గాయములను వ్రాసికొనునట్లు కోరవలెను. ఆ నకలు అడుగవలెను. నిర్బంధములో నున్నవానికి, ధనికుడైనను బీదయైనను, ఉచిత న్యాయ సహాయము పొందు హక్కును 1987 నాటి న్యాయ సేవల చట్టము ఇచ్చినది. అందుకై మచిలీపట్నములో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కలదు. గుడివాడ, అవనిగడ్డ న్యాయస్థానములలో విచారించినను దారి చూపుదురు. దివిసీమలోని కూలికుటుంబమునకు సైతము ఆ గడప దూరము కాదు.

నేరము చేసినవానిపై జాలి చూపుమని మేము చెప్పుట లేదు. శిక్ష ఎంతయో న్యాయాధిపతి చెప్పును. అంతకు మించి ఒక్క దెబ్బయైనను ఎవ్వరును కలుపరాదు. 1855లో నివేదిక వ్రాసిన ముగ్గురు తెల్లదొరలును, దావా వేసిన ఆ కర్నూలు జిల్లా కుటుంబమును వేర్వేరు మార్గముల చెప్పినది ఈ లెక్కయే. ఆ లెక్క సరిగా నున్నదా లేదా అని అడుగు పని మాత్రము గోడకు బయట నున్న మనది.