పోస్ట్‌డాక్ అంటే ఒక్క పోస్టు, అందుకే రిజర్వేషన్ లేదు

బయోఇన్ఫర్మాటిక్స్, బయోమెడికల్ రంగాల్లో పీహెచ్‌డీ ముగించినవారికి వెంటనే పర్మనెంట్ ఉద్యోగం దొరకడం అరుదు. ముందు ఏదో ఒక ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్‌గా, అంటే పోస్ట్‌డాక్‌గా రెండు మూడేళ్లు పనిచేయాలి. ఆ కాలంలో పేపర్లు వేసినవారే తర్వాత సైంటిస్ట్, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూల్లో నిలబడతారు. ఫ్యాకల్టీలో ఎస్సీ, ఎస్టీలు ఎందరని లెక్కలడిగే మనం ఈ మెట్టును పెద్దగా పట్టించుకోలేదు.

ఈ మెట్టెక్కడానికి ఒక దారి సొంతంగా ఫెలోషిప్ తెచ్చుకోవడం. సీఎస్ఐఆర్, డీబీటీ, ఐసీఎంఆర్ ఇలాంటివి ఇస్తున్నాయి. సెర్బ్ మొదలుపెట్టిన నేషనల్ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు. వయసు సడలింపు వేరు, సీట్లలో రిజర్వేషన్ వేరు. నోటిఫికేషన్‌లో రెండింటినీ విడిగా చూసుకోవాలి.

రెండో దారి, ఎక్కువమంది వెళ్లేది, ప్రాజెక్టు పోస్టు. డీఎస్‌టీ సవరించిన రేట్ల ప్రకారం 2023 జనవరి 1 నుంచి మొదటి స్థాయి అసోసియేట్‌కు నెలకు రూ.58,000, రెండో స్థాయికి రూ.61,000, మూడో స్థాయికి రూ.67,000, ఆపైన ఇంటి అద్దె భత్యం. డబ్బు తక్కువేం కాదు. చిక్కంతా ఎంపికలోనే ఉంది. ప్రకటన ఒక్క పోస్టుకే వస్తుంది. పోస్టు పూర్తిగా తాత్కాలికం, ప్రయాణ ఖర్చులు ఇవ్వం అని అందులోనే రాసి ఉంటుంది. ఎంపికలో ప్రాజెక్టు నడిపే శాస్త్రవేత్త మాటకు బరువెక్కువ, గైడ్ రాసిచ్చే సిఫారసు లేఖకూ అంతే.

45 రోజులు, అంతకుమించి సాగే తాత్కాలిక నియామకాల్లోనూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ ఉంటుందని కేంద్రం 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. అయితే ప్రాజెక్టు పోస్టు తమ సంస్థ పోస్టు కాదని సంస్థలు తప్పుకుంటాయి. పైగా కేడర్‌లో ఒకే పోస్టు ఉంటే దాన్ని రిజర్వు చేయకూడదని చండీగఢ్ పీజీఐ కేసులో రాజ్యాంగ ధర్మాసనం 1998లో తీర్పిచ్చింది. ఒకే సంస్థలో ఇరవై ప్రాజెక్టులుంటే ఇరవై పోస్టులనూ విడివిడి ఒంటరి పోస్టులుగా చూపిస్తే రోస్టర్ ప్రశ్నే రాదు. మా దృష్టిలో అసలు పోరాటం ఇక్కడే: సంస్థలోని ప్రాజెక్టు పోస్టులన్నిటినీ కలిపి ఒక యూనిట్‌గా లెక్కించాలి.

పై మెట్టూ అంతే. అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్ కోసం తెచ్చిన 2019 చట్టం, షెడ్యూల్‌లో చేర్చిన కొన్ని సంస్థలకు వర్తించదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అందులో ఉన్నాయి. పోస్ట్‌డాక్‌లు కోరుకునే ల్యాబులు ఇలాంటివే.

బయోఇన్ఫర్మాటిక్స్‌కు కంప్యూటర్ ఒకటుంటే చాలని అనుకుంటారు. జీన్‌బ్యాంక్, ప్రొటీన్ డేటా బ్యాంక్ అందరికీ ఉచితమే, నిజం. కానీ పెద్ద జీనోమ్ డేటాను విశ్లేషించే సర్వర్ సంస్థది. కాంట్రాక్టు ముగిసిన రోజే లాగిన్ పోతుంది.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ మూడూ సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. రూ.10 ఫీజు, 30 రోజుల గడువు. గత ఐదేళ్లలో ఎందరు రీసెర్చ్ అసోసియేట్లను తీసుకున్నారు, కేటగిరీల వారీగా దరఖాస్తులెన్ని, ఎంపికైనవారెందరు, సెలక్షన్ కమిటీల్లో ఎస్సీ, ఎస్టీ సభ్యులున్నారా, ప్రాజెక్టు పోస్టులకు రోస్టర్ రిజిస్టర్ ఉందా అని అడగండి. కేటగిరీ వివరాలు నమోదు చేయలేదని జవాబొస్తే అప్పీలుకు అదే ఆధారం.