వీలునామా రాయని యజమాని: క్రైస్తవ వ్యాపార కుటుంబాల్లో వారసత్వం

మద్రాసు శివారు తిరువొత్తియూరులో 1946లో ఒక చిన్న షెడ్డులో బొమ్మ బెలూన్ల తయారీ మొదలైంది. తర్వాత ఎంఆర్‌ఎఫ్‌గా ఎదిగిన సంస్థకు అదే పునాది. వ్యవస్థాపకుడు కె.ఎం. మామ్మెన్ మాపిళ్ల కేరళ సిరియన్ క్రైస్తవుడు. తండ్రి కె.సి. మామ్మెన్ మాపిళ్ల మలయాళ మనోరమ సంపాదకుడు, బ్యాంకరు కూడా. తిరువాన్కూరు దివాన్ సి.పి. రామస్వామి అయ్యర్‌తో వైరం ముదిరాక 1938లో ఆయన బ్యాంకు కూలింది, పత్రిక మూతపడింది, ఆయన జైలుకు వెళ్లారు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన కొడుకు బెలూన్ల నుంచి ట్రెడ్ రబ్బరుకు, అక్కడి నుంచి 1961లో టైర్లకు చేరారు. సదాశివపేట ప్లాంటు వల్ల తెలంగాణకూ ఈ కంపెనీ పరిచయమే.

వారసుడి విషయంలో మాత్రం ఆయన లెక్క ఒకసారి తప్పింది. ఎండీగా కంపెనీని నడిపిస్తున్న కుమారుడు రవి మామ్మెన్ 1990లో అకాల మరణం చెందారు. 2003లో తండ్రి కన్నుమూశాక మరో కుమారుడు కె.ఎం. మామ్మెన్ చైర్మన్ అయ్యారు. మరో కుమారుడు అరుణ్ మామ్మెన్ కూడా యాజమాన్యంలో ఉన్నారు. ఒక్క వారసుడి మీదే అంతా పెట్టుకుని ఉంటే 1990లోనే కథ వేరుగా ఉండేదేమో.

క్రైస్తవ కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత పదునైనది, కారణం చట్టం. హిందూ అవిభక్త కుటుంబం అనే ఏర్పాటు వారికి లేదు. పుట్టుకతోనే కొడుకులకు, కూతుళ్లకు హక్కు వచ్చే ఉమ్మడి ఆస్తీ లేదు. ఆస్తి మొత్తం యజమానిది, బతికున్నంత కాలం ఆయన ఇష్టం. వీలునామా లేకుండా మరణిస్తే 1925 నాటి భారత వారసత్వ చట్టం పంచుతుంది. భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. ఇది ఆంధ్ర, తెలంగాణ క్రైస్తవులకూ వర్తిస్తుంది.

న్యాయమైన పంపకమే. కానీ వ్యాపారం సంగతి చూడండి. ఒక కంపెనీలో 60 శాతం షేర్లున్న వ్యక్తి భార్యను, ముగ్గురు పిల్లలను వదిలి వెళ్లాడనుకుందాం. భార్యకు 20 శాతం, పిల్లలు ఒక్కొక్కరికి 13.3 శాతం. నిన్నటి దాకా ఒక్క సంతకంతో తేలిన నిర్ణయానికి ఇప్పుడు నలుగురూ ఏకం కావాలి.

ఇక్కడే విశ్వాసం, ఆచరణ ఎదురుపడతాయి. తెలుగు బైబిలు చదివేవారికి ‘గృహనిర్వాహకుడు’ అన్న మాట తెలిసిందే. సొత్తు దేవునిది, మనిషి దాన్ని చూసుకునేవాడు మాత్రమే అన్నది ఆ భావన. క్రైస్తవ నాయకత్వ శిక్షణల్లో దీన్ని ఎక్కువగా చెబుతారు. అయితే కూతుళ్ల వాటా దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎంత నిలిచింది? తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే ఇచ్చేది. మేరీ రాయ్ వేసిన కేసులో 1986లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని, 1951 ఏప్రిల్ 1 నుంచే 1925 చట్టం వర్తిస్తుందని తేల్చింది. సమాన వాటా వచ్చింది. అయితే వీలునామాతో దాన్ని పక్కన పెట్టే స్వేచ్ఛ తండ్రికి అలాగే మిగిలింది. ప్రణాళిక పేరుతో కూతుళ్లను తప్పించడం సాగుతూనే ఉండటానికి ఆ స్వేచ్ఛే దారి.

వీలునామా రాసినవారు కూడా కొన్ని చోట్ల పొరబడతారు. క్రైస్తవుల విషయంలో పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది. భార్య పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న పెద్దమనిషి పాత కాగితాన్నే నమ్ముకుంటే అది చెల్లదు. ఆస్తి పొందే వ్యక్తి గానీ, అతని భార్య గానీ సాక్షి సంతకం పెడితే ఆ వ్యక్తికి రాసింది పోతుంది. షేర్లకు నామినీగా పేరుంటే చాలనుకోవడం మరో పొరపాటు. నామినీ యజమాని కాడని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. చర్చికో, ధర్మకార్యానికో ఆస్తి రాయడానికి ఒకప్పుడు ప్రత్యేక అడ్డంకి ఉండేది. దగ్గరి బంధువులున్నవారు మరణానికి కనీసం ఏడాది ముందు వీలునామా రాసి, ఆరు నెలల్లోగా దాన్ని డిపాజిట్ చేయాల్సి వచ్చేది. 2003లో జాన్ వల్లమట్టం కేసులో ఆ సెక్షన్ కొట్టేశారు.

వాటాలు ఎవరివి, కుర్చీ ఎవరిది అన్న రెండు ప్రశ్నలను విడదీసిన కుటుంబాలు కాస్త నిబ్బరంగా ఉన్నాయి. కేరళ కోళెంచేరి నుంచి వచ్చిన ముత్తూట్ కుటుంబం శాఖలుగా విడిపోయింది. తెలుగు పట్టణాల్లోనూ అదే పేరుతో వేర్వేరు రంగుల బోర్డులు కనిపించడానికి కారణం అదే. వాటిలో ముత్తూట్ ఫైనాన్స్ 2011లో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. 2021 మార్చిలో చైర్మన్ ఎం.జి. జార్జ్ ముత్తూట్ మరణించినప్పుడు ఆ స్థానం సోదరుడు జార్జ్ జాకబ్ ముత్తూట్‌కు దక్కింది. మరో సోదరుడు జార్జ్ అలెగ్జాండర్ ముత్తూట్ అప్పటికే ఎండీ.