అరిగిన టైర్లు

మా కారు టైర్లు బోడిగుండులా నున్నబడ్డాయి. "అంతలా అరిగితే మార్చాలని రూలుందిటగా" అన్నాను. "మన టైర్ల మీద వాళ్ళ పెత్తనమేమిటోయ్!" అని విసుక్కున్నారు మావారు.

1942లో అమెరికా కార్లవాళ్ళూ ఇలాగే విసుక్కున్నారు. వాళ్ళకి రబ్బరు నూటికి తొంభై పాళ్ళు మలయా, ఆ చుట్టుపక్కల దేశాల నుంచే వచ్చేది. జపాను దండెత్తడంతో ఆ దారి మూసుకుపోయింది. జనవరి 5 నుంచి కొత్త టైర్లకి రేషను పెట్టారు. ముందు డాక్టర్లకీ, నర్సులకీ, పోలీసులకీ! తర్వాత, కారుకి అయిదు టైర్లే ఉంచుకోవాలి, మిగిలినవి సర్కారుకి అమ్మెయ్యాలన్నారు. గంటకి 35 మైళ్ళు దాటకూడదన్నారు.

డిసెంబరు 1 నుంచి దేశమంతటా పెట్రోలుకీ రేషను అనేసరికి, చమురు బావులున్న రాష్ట్రాలవాళ్ళు భగ్గుమన్నారు. పెరట్లో పెట్రోలు పెట్టుకుని కూపన్లేమిటని! అసలు సంగతేమంటే, అక్కడ మిగల్చాలనుకున్నది పెట్రోలు కాదు, టైర్లు. బండి కదిలితేనేగా అరిగేది!

అలాగని వాళ్ళకి దేశం పట్టలేదనుకోకండి. అదే ఏడు జూన్‌లో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ రేడియోలో పాత రబ్బరు అడిగితే టైర్లు, రెయిన్‌కోట్లు, తోటలో నీళ్ళ గొట్టాలు తెచ్చి పెట్రోలు బంకుల్లో గుట్టలు పోశారు. ప్రతిఫలం పౌనుకి ఒక్క సెంటు! అడిగితే చాచిన చెయ్యే ఆజ్ఞాపిస్తే పిడికిలైంది.

మర్నాడు నేను రూలు మాటెత్తలేదు. "వానలొస్తున్నాయి, వెనక సీట్లో పిల్లలుంటారు" అన్నానంతే.

సాయంత్రానికి కొత్త టైర్లు!