గోడకాగితము వెనుక చరిత్ర

పాశ్చాత్య గృహములలో గోడలకు రంగుకాగితము అంటించు ఆచారము చిరకాలముగా కలదు. పాతది వెలిసినచో దానిపైననే క్రొత్తది అంటించుటయు కద్దు. కావున అట్టి గోడను గీకునపుడు తరతరముల అభిరుచులు పొరలుపొరలుగా ఊడివచ్చును. ఆ పొరలలో అమూల్యమైనవియు, అపాయకరమైనవియు గలవు. రెంటికిని చెరియొక ఉదాహరణము మనవి చేయుదుము.

1911లో కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాల అధ్యక్షుని నివాసమును మరమ్మతు చేయుచుండగా దూలములపై అంటియున్న కాగితపు ముక్కలు బయల్పడినవి. ఒకవైపు దానిమ్మపండును పోలిన అచ్చుబొమ్మ. రెండవవైపు ఎనిమిదవ హెన్రీ 1509లో సింహాసనమెక్కినప్పటి ప్రకటన. వాడిన కాగితమునే మరల వాడుకొనిన ఆనాటివారి పొదుపు, గోడకాగితము వయస్సును మనకు తెలిపినది.

ఇక రెండవది. స్వీడను రసాయనవేత్త షేలె 1775లో రాగితోను పాషాణముతోను ఒక పచ్చరంగు చేసెను. ఇంగ్లండులో 1712లో విధింపబడిన గోడకాగితపు సుంకము 1836లో రద్దయ్యెను. యంత్రముద్రణయు వచ్చి వెల తగ్గెను. పాషాణపు పచ్చరంగులు ఎన్నో ఇండ్లకెక్కినవి. తేమగదులలో ఈ రంగుపై బూజు పెరిగినచో విషవాయువు పుట్టునని ఇటలీ శాస్త్రజ్ఞుడు గోసియో 1890 దశకమున చూపెను.

కనుక పాత ఇంట పచ్చనిపొర కనబడినచో పొడిగా గీకరాదు. ఆ ధూళియే విషము కావచ్చును. ముందుగా పరీక్ష చేయించి, నిపుణులచే తీయించుట మేలు. నిరపాయమని తేలిన పొరనైనను పారవేయుటకు ముందు ఒక్కమారు వెనుకకు త్రిప్పి చూడవలెనని మా మనవి.