పెరట్లో వాననీటి ట్యాంకు - దాని పూర్వోత్తరాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజుల గురించీ కోటల గురించీ నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారని చెప్పాను. "మీకు తెలిసిందే వ్రాయండి" అన్నారు. అందుకని ఒక నీళ్ళ ట్యాంకు చరిత్ర వ్రాస్తున్నాను. ఇందులో మరుగుదొడ్డి ప్రస్తావన తరచు వస్తుంది. పాఠక మిత్రులు మన్నించాలి.

మా పెద్దబ్బాయి కుటుంబం ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరంలో ఉంటుంది. నేనూ మా ఆవిడా మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు, రాత్రిపూట మరుగుదొడ్డిలో ఫ్లష్ నొక్కగానే ఇంటి వెనక ఎక్కడో మోటారు గుర్రుమని మొదలై, కాసేపటికి ఆగిపోయేది. దొంగలేమోనని మా ఆవిడ నన్ను లేపింది కూడా. తెల్లవారి చూస్తే ఇంటి గోడ పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు, 5,000 లీటర్లది. ఇంటి కప్పు మీద పడిన వాన అందులోకి దిగుతుంది. ఆ నీరు మరుగుదొడ్లకు, బట్టలుతికే మిషనుకు, తోటలోని కుళాయికి వెడుతుంది. వంటకూ తాగడానికీ మాత్రం నగరం కుళాయి. "ఇదేం పొదుపురా" అంటే, "పొదుపు కాదు నాన్నా, ఈ ఇల్లు కట్టినప్పుడు చట్టం అది. ఇప్పుడు తీసేశారు" అన్నాడు. ఆ చట్టం ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది అని ఆరా తీయబోతే చాలా వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

ముందుగా ఆ మాట సంగతి. "ట్యాంకు" ఇంగ్లీషు మాటేనని మనం అనుకుంటాం. అది గుజరాతు, రాజస్థాను ప్రాంతాలలో నేలమాళిగ నీటి తొట్టికి వాడే "టాంకా" నుంచి వెళ్ళిందని కొందరు పండితులు, పోర్చుగీసు మాట నుంచి వచ్చిందని మరికొందరు వాదిస్తారు. ఏమైనా, ఇంగ్లీషువారు ఈ దేశంలో చెరువును ట్యాంకు అన్నారు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ కట్ట మీద నడిచేవారు రోజూ ఆ మాట పలుకుతూనే ఉన్నారు. అదే మాట ఆస్ట్రేలియా చరిత్రలో మొదటి పేజీలోనే కనిపిస్తుంది. 1788లో సిడ్నీలో దిగిన ఇంగ్లీషువారు ఒక చిన్న వాగు ఒడ్డున స్థిరపడ్డారు. 1790 ప్రాంతంలో వానలు లేక వాగు సన్నగిల్లితే, గవర్నరు ఫిలిప్ దాని పక్కన ఇసుకరాతిలో తొట్లు తొలిపించాడు. ఆ వాగుకు "ట్యాంక్ స్ట్రీమ్" అనే పేరు నిలిచింది. పందులూ పశువులూ మనుషులూ కలిసి దాన్ని మురుగు చేయగా 1826లో వదిలేశారు. ఇప్పుడది సిడ్నీ వీధుల కింద పారుతోంది.

ఇంటి ట్యాంకుకు అసలు రూపం ఇచ్చింది రేకు. ముడతల రేకుకు 1829లో లండనులో పేటెంటు వచ్చింది. తరువాత దానికి జింకు పూత తోడైంది. 1850లలో బంగారం కోసం జనం ఎగబడినప్పుడు ఆ రేకులు ఓడల కొద్దీ ఆస్ట్రేలియా చేరాయి. రేకు కప్పు, దాని అంచున నీటి కాలువ, మూలన చెక్క మంచె మీద గుండ్రటి రేకు ట్యాంకు - ఇదీ అక్కడి పల్లె ఇల్లు. తాగేదీ వండేదీ ఆ నీళ్ళతోనే. మరుగుదొడ్డికి నీళ్ళ అవసరమే లేదు. అది పెరటి చివర డబ్బా దొడ్డి, డబ్బా మార్చడానికి మనిషి వచ్చేవాడు.

ఇది చదువుతున్నప్పుడు మా అమ్మమ్మ జ్ఞాపకం వచ్చింది. మా ఊరి బావి నీళ్ళు చవుడు. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా బద్దగానే ఉండేది. వాన మొదలయితే చాలు, ఆవిడ మండువాలో చూరు కింద గంగాళం పెట్టించేది. మొదటి నీళ్ళు పారబోయించి, తరువాతవి బట్టలో వడకట్టి పప్పుకు దాచుకునేది. దొడ్లోకి మాత్రం బావి నీళ్ళే.

నగరాలకు గొట్టాలు వచ్చాక ట్యాంకు దెబ్బతింది. మెల్‌బోర్న్‌కు 1857 చివర యాన్ యీన్ జలాశయం నుంచి నీళ్ళు వచ్చాయి. తక్కిన నగరాలూ అదే దారి పట్టాయి. బ్రిస్బేన్‌లో ట్యాంకును దెబ్బతీసింది గొట్టం ఒక్కటే కాదు, దోమ కూడా. డెంగ్యూ జ్వరం మోసే దోమ వాననీటి ట్యాంకులలో హాయిగా గుడ్లు పెట్టేది. నగర ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి, మూతలు సరిగా లేని ట్యాంకులకు జాలీలు వేయించారు, లేదా తీయించారు. 1950ల తరువాత ఆ దోమ బ్రిస్బేన్‌లో కనిపించలేదు. ఒక్క అడిలెయిడ్‌లో మాత్రం కుళాయి నీరు ఉప్పదనంతో రుచి లేక, చాలామంది తాగడానికి ట్యాంకు ఉంచుకున్నారు.

1960లలో మేయరు క్లెమ్ జోన్స్ హయాంలో బ్రిస్బేన్ అంతటా మురుగు గొట్టాలు పడ్డాయి. డబ్బా దొడ్లు పోయాయి, ఫ్లష్ వచ్చింది. అంటే శుద్ధి చేసి, పరీక్షించి, మైళ్ళ దూరం తెచ్చిన తాగునీరు రోజుకు ఇన్నిసార్లు దొడ్డిపాలు. దీని మీద ఆలోచన చేసినవారిలో ఆస్ట్రేలియావారు కూడా ఉన్నారు. 1980లో కరోమా అనే కంపెనీ రెండు మీటలున్న ఫ్లష్ తెచ్చింది, పెద్దది 11 లీటర్లు, చిన్నది ఐదున్నర. ఇప్పుడు మన ఇళ్ళలో కనిపించే రెండు మీటల వెనక ఉన్న కథ అదే.

ఆ తరువాత కరువు వచ్చింది. 1997 ప్రాంతం నుంచి 2009 వరకూ సాగిన ఆ అనావృష్టిని అక్కడివారు సహస్రాబ్ది కరువు అంటారు. 2007 ఆగస్టులో బ్రిస్బేన్‌కు నీరిచ్చే జలాశయాలు మొత్తం కలిపి 17 శాతం కంటె దిగువకు పడ్డాయి. మనిషికి రోజుకు 140 లీటర్లు మించవద్దని ప్రభుత్వం కోరింది. తోటకు గొట్టం పెట్టడం నిషేధం, బకెట్టుతో పోసుకోవాలి. అటువంటి రోజులలో, పారేసిన రేకు ట్యాంకు ప్లాస్టిక్ రూపంలో చట్టం చేయి పట్టుకుని తిరిగి వచ్చింది. సిడ్నీలో 2004 జులై నుంచి కొత్త ఇళ్ళు కుళాయి వాడకం 40 శాతం తగ్గించాలన్నారు. దక్షిణ ఆస్ట్రేలియాలో 2006 నుంచి కొత్త ఇంటికి కనీసం 1,000 లీటర్ల ట్యాంకు. క్వీన్స్‌లాండ్‌లో 2007 నుంచి కొత్త ఇల్లు ఏడాదికి 70,000 లీటర్లు మిగల్చాలి. మా అబ్బాయి ట్యాంకు ఆ లెక్కలోది. ఈసారి ప్రతి కంతకూ సన్న జాలీ తప్పనిసరి చేశారు. దోమను మరిచిపోలేదు.

ఇక్కడే నన్ను ఆగి ఆలోచింపజేసిన సంగతి ఉంది. మా అమ్మమ్మ లెక్క తలకిందులైంది. ఆవిడకు వాననీరు పప్పుకు, బావినీరు దొడ్లోకి. వీరికి వాననీరు దొడ్లోకి, కుళాయి నీరు పప్పుకు. ఇద్దరిదీ తప్పు కాదు. ఏ నీరు ఎక్కువ శుద్ధమో, ఎక్కువ ఖరీదో అది నోటికి, రెండోది నేలకు.

2011 జనవరిలో అదే బ్రిస్బేన్ వరదలో మునిగింది. రెండేళ్ళకు, 2013 ఫిబ్రవరి 1న, ట్యాంకు నిబంధన తీసేశారు. వాన కురవగానే మరిచిపోయారని మా అబ్బాయి అంటాడు. నేనంత తొందరపడను. లెక్కలు చూసినవారు ఇంటికి 70,000 కాదు, 50,000 లీటర్ల ప్రాంతంలోనే మిగిలిందని తేల్చారు. వెయ్యి లీటర్లు తోడడానికి చిన్న మోటారుకు సుమారు ఒకటిన్నర యూనిట్ల కరెంటు కావాలి. అన్నిటికీ మించి ట్యాంకును ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. చూరు కాలువలో ఆకులు తీయాలి, జాలీ చినిగిందేమో చూడాలి. ఉద్యోగాలకు పరుగెత్తే ఇళ్ళలో ఆ పని ఎవరు చేస్తారు? మేమున్న మూడు నెలలూ నేనే చేశాను.

ఇంటికి వచ్చాక మన కాలనీలోని మా ఇంటికి కూడా ఒకటి పెట్టించాను. ఇక్కడి లెక్క వేరు. డాబా వంద చదరపు మీటర్లయితే ఒక్క మిల్లీమీటరు వానకు సుమారు వంద లీటర్లు. అంటే ఒక మోస్తరు వానకే 1,000 లీటర్ల ట్యాంకు నిండుతుంది. కాని మన వాన జూన్ నుంచి అక్టోబరు దాకానే. ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఏప్రిల్‌కు ఆ ట్యాంకు అక్కరకు రాదు, ఈ మాట ముందే చెప్పాలి. అందుకే పొంగిన నీటిని ఇంకుడు గుంతలోకి వదిలాను.

ప్లంబరు ఒక పొరపాటు చేశాడు. సులువవుతుందని వాననీటి గొట్టాన్ని మంచినీటి గొట్టంతో కలిపేశాడు. ఏ వాల్వు జారినా పావురాల రెట్టల నీరు వంటింటికి వస్తుంది. విప్పించి, కింది మరుగుదొడ్డికీ మొక్కలకూ విడిగా వేయించాను. "ఒక్క గొట్టంతో పోయేదానికి రెండా సార్" అని అతను గొణిగాడు. మీలో ఎవరైనా పెట్టించుకుంటే ఈ ఒక్కచోట మొగమాటపడకండి.

మా ఆవిడ మందార, కరివేపాకు మొక్కలు సంక్రాంతి దాటేదాకా ఆ నీళ్ళతోనే బతుకుతున్నాయి. మరుగుదొడ్డికి మోటారు పెట్టలేదు, ట్యాంకు నుంచి బకెట్టే. బ్రిస్బేన్ నుంచి మనుమరాలు ఫోను చేసినప్పుడల్లా "తాతయ్యా, మీ ట్యాంకులో ఎంతుంది?" అని అడుగుతుంది. కర్ర ముంచి చూసి చెబుతాను. మొన్న ఆదివారం జానెడు.