పాత బుల్లెట్‌కి కొత్త క్లచ్ వేస్తే ఒరిజినల్ పోతుందా?



పోయిన వారం గ్రూపులో జరిగిన వాదన అందరూ చూసే ఉంటారు. లక్ష్మీపూర్‌లో మన కుర్రాడొకడు వాళ్ళ నాన్నగారి బుల్లెట్ గురించి రాశాడు. 1970ల నాటి 350 బండి, నాలుగు గేర్లు, కుడికాలితో గేరు. ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తోంది గాని బండి ముందుకు పోవడం లేదు. మెకానిక్ చూసి, ఈ క్లచ్ తీసేసి తరువాత వచ్చిన 500 బండి క్లచ్ సెట్టు వేద్దాం అన్నాడట. దానికి మన పెద్దలు ఇద్దరు ముగ్గురు అభ్యంతరం చెప్పారు. "నాన్న బండిని నాన్న బండిలాగే ఉంచాలి, ఒరిజినల్ పోతే విలువా పోతుంది, ఆయన గుర్తూ పోతుంది" అన్నారు. పాపం ఆ అబ్బాయి ఎటూ తేల్చుకోలేక బండి మీద టార్పాలిన్ కప్పేశాడు.

పెద్దల మాట కొట్టిపారేసేది కాదు. అయితే బుల్లెట్ విషయంలో ఒరిజినల్ అంటే ఏమిటి అన్నది ముందు చూడాలి. దానికి కొంచెం చరిత్ర కావాలి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులో రెడిచ్ అనే ఊరి కంపెనీ. బుల్లెట్ అన్న పేరు 1930లలోనే ఉంది గాని, మనకు తెలిసిన ఆకారం రెండో ప్రపంచ యుద్ధం తరువాత వచ్చింది. మన దేశంలో దీన్ని అమ్మినవారు మద్రాస్ మోటార్స్ వారు. సరిహద్దుల్లో గస్తీకి సైన్యం ఈ బండినే ఎంచుకుంది. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. ఫ్యాక్టరీ మద్రాసు ఉత్తరాన తిరువొత్తియూరులో. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి గనక నా నోటికి తిరువొట్రియూర్ అనే వస్తుంది. త్యాగయ్య గారు త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు కృతులు చేసిన ఊరు అదే. ఒక సంగతి గుర్తు చేస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన కోరాపుట్ ప్రాంతం, అంటే జయపురం సంస్థానం, విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసు బండి మన ఘాటీలకు పరాయిది కాదని నేను సరదాగా అంటుంటాను.

మొదట రెడిచ్ నుంచి విడిభాగాలు పెట్టెల్లో వచ్చేవి, తిరువొత్తియూరులో బిగించేవారు. 1960ల మొదటికల్లా భాగాలన్నీ ఇక్కడే తయారవడం మొదలైంది. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, మరి కొన్నేళ్ళకు ఇంగ్లండు కంపెనీయే లేకుండా పోయింది. పుట్టింట్లో దీపం ఆరిపోయాక అత్తవారింట్లో వెలిగిన బండి ఇది. 1977 నుంచి ఇక్కడి బుల్లెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి.

మన వాదనకు కావలసిన ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. 1955 నాటి డిజైను దాదాపు అలాగే యాభై ఏళ్ళకు పైగా నడిచింది. ఇంజను వేరు, గేర్ బాక్సు వేరు. రెంటినీ ఎడమ పక్కన చైన్ కేసు కలుపుతుంది. ఆ కేసులో ఇంజను నుంచి క్లచ్‌కి రెండు వరసల చైను, క్లచ్ నూనెలో తడుస్తూ తిరుగుతుంది. కేసు మూతను మధ్యలో ఒకే ఒక్క నట్టు పట్టి ఉంచుతుంది. కింద నూనె చుక్కలు పడని బుల్లెట్ అంటే దాంట్లో నూనె అయిపోయినట్టే అనే హాస్యం ఆ ఒక్క నట్టు పుణ్యమే. గేర్ బాక్సు కూడా బర్మింగ్‌హామ్ ఆల్బియన్ కంపెనీ వారి పద్ధతిది. న్యూట్రల్ పడడానికి మడమతో తొక్కే చిన్న లీవరు ఒకటి విడిగా ఉంటుంది, చాలామంది గుర్తు పట్టే ఉంటారు.

కంపెనీ కొత్త డిజైను చేయలేదని ఆ రోజుల్లో అందరం విమర్శించాం. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాక బుల్లెట్ క్లచ్ నొక్కడం వ్యాయామంలా కనిపించింది. ఆ బండ్ల క్లచ్ రెండు వేళ్ళతో వస్తుంది. కానీ మార్పు లేకపోవడంలో ఒక లాభం ఉంది. మారని బండికి పాత భాగం, కొత్త భాగం ఒకే చోట కూర్చుంటాయి. 1990 ప్రాంతంలో 500 బుల్లెట్ వచ్చింది, తరువాత దాన్నే పెంచి 535 లైట్నింగ్ తెచ్చారు. అయిషర్ గ్రూపు చేతికి వచ్చాక, 2000 తరువాత, ఎడమకాలి గేరుతో అయిదు స్పీడుల బాక్సు వచ్చింది. ఆ అయిదు స్పీడుల బాక్సును నాలుగు స్పీడుల పాత బండిలో బిగించుకున్నవాళ్ళు మన దేశంలోనూ ఇంగ్లండులోనూ ఎంతోమంది. దాని గురించి ఎవరూ కోర్టుకెళ్ళలేదు!

ఇప్పుడు క్లచ్ సంగతి. లోపల రాపిడి ప్లేట్లు, ఉత్త ఇనప ప్లేట్లు ఒకదాని మీద ఒకటి, దోసెల దొంతరలా ఉంటాయి. రాపిడి ప్లేట్లు బయటి బెల్‌తో తిరుగుతాయి, ఆ బెల్‌ను చైను తిప్పుతుంది. ఇనప ప్లేట్లు లోపలి హబ్‌ను పట్టుకుని ఉంటాయి, హబ్ గేర్ బాక్సును తిప్పుతుంది. స్ప్రింగులు దొంతరను అదిమి పెడితే రెండూ కలిసి తిరుగుతాయి. మీరు క్లచ్ నొక్కితే గేర్ బాక్సు షాఫ్టు మధ్యన బోలుగా ఉన్న రంధ్రంలోంచి ఒక సన్నటి రాడ్డు వచ్చి ప్రెజర్ ప్లేటును బయటికి తోస్తుంది, దొంతర వదులవుతుంది. అంతే క్లచ్ అంటే.

దొంతర ఎంత బలం మోయగలదు అన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది. రాపిడి ముఖాలు ఎన్ని, స్ప్రింగుల ఒత్తిడి ఎంత, ప్లేటు మీద పొర ఎంత గరుకు, ప్లేటు వెడల్పు ఎంత. 350 దొంతర కన్నా 500 దొంతరలో ఒక రాపిడి ప్లేటు ఎక్కువ. లెక్కకి నాలుగు ఉన్నచోట అయిదు అనుకోండి. ఒక్కో ప్లేటుకు రెండు ముఖాలు కాబట్టి ఎనిమిది ముఖాలు పది అవుతాయి. అవే స్ప్రింగులు, అదే వెడల్పు అనుకున్నా క్లచ్ పాతిక శాతం ఎక్కువ బలం మోస్తుంది. చేతికి మాత్రం బరువు పెరగదు. మెకానిక్ చెప్పిన సలహాలోని తెలివి ఇదే. కొందరు చేసే పని వేరు. స్ప్రింగుల కింద వాషర్లు వేసి బిగిస్తారు. అప్పటికి స్లిప్పు ఆగుతుంది గాని లీవరు రాయిలా అవుతుంది, తోసే రాడ్డు చివర్లు అరుగుతాయి, క్లచ్ వైరు తెగుతుంది. అది ఘాటీ మధ్యలో తెగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఘాటీ అన్నాను కదా, మన ప్రాంతంలో ఈ క్లచ్‌కి పని ఎక్కువ ఎందుకో చూడండి. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు మైదానంలో ఉంది. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి వైపు ఎక్కేటప్పుడు ముందు ఇనప లారీ, వెనక బస్సు, మధ్యలో మీరు. మొదటి గేరులో సగం క్లచ్ పట్టి పాకాలి. అలా సగం పట్టిన ప్రతిసారీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారి వేడెక్కుతాయి. ఇటు లక్ష్మీపూర్ నుంచి కాకిరిగుమ్మ వైపు అయినా, రాయగడ వైపు అయినా మలుపులే. కోరాపుట్–రాయగడ రైలు మార్గం 1990లలో పూర్తయింది. ఆ పనులప్పుడు సర్వే వాళ్ళు, కాంట్రాక్టర్లు, వాళ్ళ మేస్త్రీలు ఎక్కువగా బుల్లెట్ల మీదే తిరిగేవారు. వెనకాల ఒక మనిషి, పక్కన సిమెంటు బస్తా. 18 హార్స్‌పవర్ బండి మోయాల్సిన బరువు కాదది. ఆ బండ్లలో రెండు మూడేళ్ళు అవే ప్లేట్లతో నడిచింది నాకైతే కనిపించలేదు.

ఇంకొక సంగతి కుర్రవాళ్ళకు తెలియదు. బుల్లెట్‌లో కిక్ రాడ్డు గేర్ బాక్సుకు ఉంటుంది. మీ కాలి బలం గేర్ బాక్సులోంచి క్లచ్ మీదుగా, చైను మీదుగా ఇంజనుకు చేరాలి. క్లచ్ జారితే కిక్ కొట్టినప్పుడు కాలు ఖాళీగా కిందికి దిగిపోతుంది, ఇంజను తిరగదు. బండి స్టార్ట్ కావడం లేదని కార్బ్యురేటర్ విప్పి, మ్యాగ్నెటో విప్పి డబ్బు తగలేసుకున్నవాళ్ళున్నారు. తప్పంతా క్లచ్‌ది.

ఇక ఒరిజినల్ అన్న మాటకు వస్తాను. ఆ కుర్రాడి నాన్నగారు ఆ బండిని ముప్పై ఏళ్ళు నడిపారు. ఈలోపు ఎన్నిసార్లు క్లచ్ ప్లేట్లు మారి ఉంటాయి? బుల్లెట్ ప్లేట్ల మీద పొర కూడా కాలంతోపాటు మారింది. ఒకప్పుడు చాలా బ్రిటిష్ బండ్ల క్లచ్‌లో కార్క్ ముక్కలు ఉండేవి, అంటే సీసా బిరడా చేసే చెక్కే. తరువాత ఆస్బెస్టాస్ కలిసిన పొర వచ్చింది. ఊపిరితిత్తులకు చేటని తెలిశాక ఆస్బెస్టాస్ లేనిది వచ్చింది. 1970లలో ఫ్యాక్టరీలో వేసిన పొర ఈ రోజు తెచ్చి వేయమన్నా ఎవరూ వేయకూడదు. కాబట్టి పెద్దలు కాపాడమంటున్న ఒరిజినల్ క్లచ్ ఆ బండిలో ఎప్పుడో లేదు.

రైల్వేలో ఉన్నవాడిని గనక ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు 2600 హార్స్‌పవర్‌వి, అమెరికా ఆల్కో డిజైను. వాటిలో చాలావాటిని పటియాలా వర్క్‌షాపులో విప్పి, మంచి టర్బో, కొత్త భాగాలు వేసి 3100 హార్స్‌పవర్‌కి తెచ్చారు. నంబరు అదే, ఛాసిస్ అదే, మరో పద్దెనిమిది ఇరవై ఏళ్ళ సేవ. ఒరిజినల్ పోయిందని ఏ డ్రైవరూ ఏడవలేదు. పాత డిజైనులోకి కొత్త భాగం ఇమిడితే అది ఆ డిజైను గొప్పతనమే.

అయితే మ్యూజియంలో పెట్టే బండి వేరు. రెడిచ్ నుంచి పెట్టెలో వచ్చిన 1950ల బండి ఎవరి దగ్గరైనా ఉంటే, దాంట్లో ఒక్క నట్టు కూడా మార్చకండి అని నేనే చెబుతాను. మన కుర్రాడిది రోజూ నడవాల్సిన బండి. వాళ్ళ అమ్మగారిని వెనకాల కూర్చోబెట్టుకుని రాయగడ మజ్జిగౌరి అమ్మవారి గుడికి పోవాల్సిన బండి. ఘాటీ మలుపులో జారే క్లచ్‌తో లారీ ముందు ఆగిపోతే విలువ గురించి ఎవరు మాట్లాడతారు?

ఆర్‌సీ బుక్కు గురించి కూడా ఒకరు భయపెట్టారు. ఆర్‌సీలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాసి ఉంటాయి. క్లచ్‌కు నంబరు లేదు. 350 ఇంజను తీసి 500 ఇంజను పెడితే అది రవాణా శాఖ అనుమతి కావలసిన పని. ఇది అది కాదు.

తొందర మాత్రం వద్దు. కొత్త సెట్టు కొనే ముందు చూడాల్సినవి ఉన్నాయి. క్లచ్ లీవరు దగ్గర కొంచెం ఖాళీ ఆట ఉందా? లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉంటుంది, జారుతుంది. చైన్ కేసులో ఎవరైనా తోచిన నూనె పోశారా? కార్లకు వాడే జారుడు మందులు కలిపిన నూనె పోస్తే ఏ క్లచ్చయినా జారుతుంది. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి, ఖర్చు వందల్లో. ఇవి సరిచేసినా జారుతుంటే అప్పుడు 500 సెట్టు. ప్లేటు ఒక్కటి అదనంగా కొని దొంతరలో దూర్చడం కుదరదు; ఎక్కువ ప్లేట్లు పట్టే లోతైన బెల్, దానికి తగిన హబ్, స్ప్రింగులు అన్నీ ఒకే సెట్టుగా కొనాలి. బెల్ మీది పళ్ళు కొత్తవైతే చైను కూడా కొత్తదే వేయాలి. అరిగిన చైను కొత్త పళ్ళను ఆర్నెల్లలో కొరికేస్తుంది. మూత పెట్టేముందు చైను ఇంజను వైపూ క్లచ్ వైపూ ఒకే గీతలో నడుస్తోందా చూడమనండి.

ఒక హెచ్చరిక. 2008–09 నుంచి వచ్చిన యూనిట్ ఇంజను బండ్లలో ఇంజను, గేర్ బాక్సు ఒకే డబ్బాలో ఉంటాయి. వాటి క్లచ్ మన పాత బండికి కుదరదు. "కొత్త మోడల్‌ది, ఇంకా మంచిది" అని ఎవరైనా అంటగడితే తీసుకోవద్దు. యాభై ఏళ్ళు నడిచిన ఇచ్చిపుచ్చుకోవడం ఆ మోడల్‌తో ఆగిపోయింది. పాత పద్ధతి భాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి గాని, నాసిరకంవి ఎక్కువ. ప్లేటు చేత్తో పట్టుకుని గాజు మీద పెట్టి చూడండి, ఊగితే తిరిగి ఇచ్చేయండి.

విప్పిన పాత బెల్, హబ్, ప్లేట్లు మెకానిక్ దగ్గర వదిలేయకు బాబూ. కిరసనాయిలుతో కడిగించి, నూనె రాసి, పాత పేపరులో చుట్టి, మీ నాన్నగారి టూల్ పెట్టెలోనే పెట్టు. రేపు ఎవరికైనా ఆ బండి పాత రూపంలోనే కావాలంటే, తిరిగి వేయడం ఒక పూట పని.