తెలుగు క్రైస్తవుల్లో మతముద్ర, ఆచరణ

తెలుగునాట ఎవరిని క్రైస్తవులనాలో రెండు శతాబ్దాలుగా తేలలేదు. ముందు మిషన్ బాప్తిస్మపు రిజిస్టరు, తరవాత జనాభా లెక్కలు, చివరికి కుల ధ్రువీకరణ పత్రం ఆ ముద్ర వేశాయి. భక్తి ఈ మూడింటికీ పూర్తిగా లొంగలేదు.

ఉమ్మడి విశాఖ జిల్లాలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో మకాం పెట్టి, ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. తరవాత కెనడియన్ బాప్టిస్టులు వచ్చారు. జనం గుంపులుగా చేరింది మాత్రం ఒంగోలు సీమలో. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకపు పని ఇప్పించిన మిషనరీ జాన్ క్లౌ, కూటి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది పుచ్చుకున్నారు. నింద మాత్రం తప్పలేదు.

రిజిస్టరుకెక్కినంత మాత్రాన పాత ఆచారాలు పోలేదు. మెదక్ దగ్గర జంగరాయి ప్రాంతపు పల్లెలపై లూక్, కార్మన్ 1968లో వెలువరించిన అధ్యయనం, చర్చి కుటుంబాల్లో గ్రామదేవతల భయభక్తులు మిగిలే ఉన్నాయని చూపింది. ఇందుకు తలకిందుల ఉదాహరణ కలగర సుబ్బారావు. 1942లో క్రీస్తు దర్శనమైందని చెప్పిన ఈయన బాప్తిస్మం వద్దన్నాడు, పాదిరీలను ఎండగట్టాడు, క్రీస్తు పేరనే రోగుల కోసం ప్రార్థించాడు. ఆయన్ని ఏ గడిలో వేయాలో చర్చికీ తోచలేదు.

స్వాతంత్ర్యం తరవాత ముద్రకు విలువ కట్టింది చట్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు, క్రైస్తవులు చేరలేదు. మతం మారిన దళితులకు ఆంధ్రప్రదేశ్‌లో దక్కింది బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్. కనుక ఆదివారం ప్రార్థనకు వెళ్లి, సర్టిఫికెట్లో హిందూ మాల, హిందూ మాదిగ అని రాయించుకునేవారు ఎందరో. ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 2011లో 1.34 శాతం. ఊరూరా కొత్త ప్రార్థన మందిరాలు లేచిన కాలమిది. ఈ అంకెల్ని విశ్వాసానికి కొలతగా తీసుకోకూడదు.

క్రైస్తవంలోకి వెళ్లిన మాదిగ తల్లిదండ్రుల కొడుకు హిందువైతే, కులంవారు ఒప్పుకుంటే, ఆ కులస్థుడే అవుతాడని గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు 1976లో తేల్చింది. షెడ్యూల్డు కులాల హోదాను దళిత క్రైస్తవులకూ ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానించింది. మతం మారిన పాస్టరుకు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టపు రక్షణ వర్తించదని అదే రాష్ట్ర హైకోర్టు 2025లో తీర్పిచ్చింది.